కోతలు కోయకూడని కాలు

బోధన్ బస్టాండు బయట చెరకు రసం బండి వాడు గడల మధ్య అల్లం ముక్క పెట్టి తిప్పగానే ఆ తీపి, ఘాటు కలిసిన వాసనకు నాకు నా ఎడమ పాదం గుర్తొస్తుంది. పాదంతోపాటు గ్రేసమ్మ డాక్టరు. గ్లాసు ముట్టను. వాసనకు ఎవరూ అడ్డు చెప్పరు కనుక కాసేపు నిలబడతాను.

తొంభైల్లో నేను చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ని. పాదం మీద మానని పుండుతో నిజామాబాద్‌లోని ఆమె దవాఖానాకు మొదటిసారి వెళ్తే, "షుగర్ ఎన్నేండ్ల సంది?" అని అడిగింది. "పదేండ్లాయె అమ్మా, పర్మనెంటు గూడ అయింది" అన్నాను గర్వంగా. మా బోధన్‌లో షుగర్ అంటే ఫ్యాక్టరీ నౌకరీ మరి. ఆమె కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. "గీ షుగర్ గూడ పర్మనెంటే రాజన్నా. రిటైర్మెంటు లేదు."

యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా రోజుల్లో మమ్మల్ని తిట్టేది. కట్టు మార్చేటప్పుడు మాత్రం నా కథలు కావాలి. మంజీరలో నేను పట్టిన చేప తోక కందకుర్తిలో ఉంటే తల బోధన్‌లో ఉండేదంటే, "మరి పులుసు యాడ వండినవ్?" అనేది.

పుండు ఎందుకు మానట్లేదని ఒకసారి అడిగాను.

"ఒంట్ల సిపాయిలుంటరు. దెబ్బ తాకంగనే ఉరికొస్తరు. లడాయి అయినంక ఇంటికి పోవాలె. షుగరున్నోళ్ల ఒంట్ల ఆళ్లు ఇంటికి పోరు, ఆడ్నే కొట్లాడుతుంటరు. కొత్త కండ ఎట్ల మొలుస్తది?"

"ఆళ్లను సస్పెండ్ చెయ్యరాదమ్మా?"

"వద్దు, ఆళ్లు లేకుంటే చీము పడుతది. సముదాయించి ఇంటికి తోలే మందు కోసం పెద్ద పెద్దోళ్లు వెతుకుతున్నరంట. అది వచ్చేదాక సూది తీస్కో, కాలు కింద పెట్టకు."

నేను పెట్టాను. ఎండాకాలంలో కందకుర్తి సంగమానికి పోయి, ఎండకు కాలిపోతున్న మెట్ల మీద ఒట్టి కాళ్లతో తిరిగాను. పాదంలో స్పర్శ లేదు కనుక వేడి తెలియలేదు. బొబ్బలు చూసి ఆమె అడిగితే, గోదారిలో మొసలి నాకిందన్నాను.

ఆమె నవ్వలేదు. "మొసలి నాలుకకు నిప్పంటుకున్నదా? ఇను రాజన్నా. చేప గురించి కోతలు కొయ్యి, మొసలి గురించి కొయ్యి. కాలి గురించి కొయ్యకు. దీని గురించి నువ్వు కోతలు కోస్తే, నేను కాలు కొయ్యవలసొస్తది."

ఫ్యాక్టరీకి వచ్చే ప్రతి చెరకు బండీ కోతను దాటే వస్తుంది. నేను పుట్టిందే కోతల మధ్య. కానీ ఆ మాట ఒక్కటే ఎముకకు తగిలింది.

వారం తిరక్కుండానే చిటికెన వేలు నల్లబడింది. కట్టులోంచి వాసన. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, బల్ల మీద కూర్చోకముందే చెప్పాను: "వేలు నల్లగైంది. వాసనొస్తున్నది. జ్వరం గూడ ఉంది."

"మొసలి?"

"లేదమ్మా."

ఆ రోజే సర్జన్‌ని పిలిపించింది. వేలు పోయింది, పాదం దక్కింది. తర్వాత ఆమె భుజం తట్టి, "ఇగ చేప ముచ్చట చెప్పు" అంది. ఈసారి చేప తోక గోదావరి దాటిపోయింది.

సిపాయిలను సముదాయించే మందు కోసం ఇప్పటికీ వెతుకుతున్నారట. ఆమె లేదు. నేను రోజూ పొద్దున అరికాలి కింద అద్దం పెట్టి, కనిపించింది కనిపించినట్టు పైకి చెబుతాను. వంటింట్లోంచి మా ఆవిడ అడుగుతుంది: "కోతలా?"

"కాలు" అంటాను. ఇక మళ్లీ అడగదు.