కంటిన్యూటీ కోసం పెంచిన పుదీనా

నిన్న పొద్దున మా పాత సినిమా యూనిట్ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టారు, శైలజ ఇక లేదని.



దాని కిందే ఒక లొకేషన్ వచ్చింది. హాస్పిటల్‌ది అనుకుని నొక్కాను. షూటింగ్‌ది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. శైలూ అసోసియేట్ డైరెక్టర్. యూసుఫ్‌గూడలో ఇద్దరం ఒకే రూమ్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నేను ఫీల్డ్ వదిలేసి బ్యాంక్ జాబ్ చూసుకున్నాను. తను వదల్లేదు.

అప్పట్లో ఫిల్మ్‌నగర్‌లో ఒక వంటింటి సెట్ వేశారు. కిటికీ గట్టు మీద పుదీనా, కొత్తిమీర, వామాకు కుండీలు. సగం సీన్ తీశాక హీరోగారి డేట్స్ దొరక్క షూటింగ్ ఆగిపోయింది. మిగతా సగం ఎప్పుడు తీసినా మొక్కలు అంతే ఎత్తులో కనపడాలి, అదే కంటిన్యూటీ. ఆర్ట్ వాళ్లు పారేయబోతుంటే శైలూ వాటిని రూమ్‌కి తెచ్చేసింది.

మా రూమ్‌కి ఎండ వచ్చే కిటికీ ఒక్కటే. అది వాటికే ఇచ్చేసింది. నా బట్టలు ఫ్యాన్ కింద ఆరాయి.

రోజూ ఫోన్‌లో ఆ షాట్ ఫొటో పెట్టుకుని, పెరిగినంత మేర కత్తిరించేది. వెలుతురు వైపు వంగిపోతాయని కుండీలు తిప్పుతూ ఉండేది. కొత్తిమీర పూతకొస్తే పనికిరాదు కాబట్టి, ధనియాలు నలిపి మళ్లీ మళ్లీ కొత్త కుండీలో చల్లేది. కత్తిరించిందంతా పచ్చడి. పుదీనా అంటేనే నాకు మొహం మొత్తింది.

ఒకరోజు తింటూ అనేశాను, "మొక్కల్నే కాదే, నిన్ను కూడా ఆయన పెరగనివ్వట్లేదు."

"ఊకోవే. గీ ఒక్క సినిమా అయిపోనీ. నా కథ ప్రొడ్యూసర్‌కి తనే చెప్పిస్తా అన్నడు."

ఆయనంటే డైరెక్టర్‌గారు. ఆ మాట ఆయన ప్రతి సినిమాకీ అన్నారు. ఇది ప్రతిసారీ నమ్మింది.

షెడ్యూల్ మళ్లీ మొదలైన రోజు కుండీలు ఒళ్లో పెట్టుకుని, ఆకులకు గాలి తగలకుండా చున్నీ కప్పి, ఆటోలో సెట్‌కి వెళ్లింది. మానిటర్‌లో చూసి డైరెక్టర్‌గారు చాలా మెచ్చుకున్నారట. ఆర్ట్ డైరెక్టర్‌ని. శైలూ ఆయన వెనకాలే నిలబడి ఉందట.

ఇది నాకు నవ్వుతూ చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మొన్న డెంగీ అని తెలిశాక కూడా, ఇప్పటి సినిమా షెడ్యూల్ మధ్యలో వదిలేస్తే మాట పోతుందని సెట్‌కే వెళ్లిందట. ఎవరూ ఇంటికి పొమ్మనలేదట.

నిన్న డైరెక్టర్‌గారు పెద్ద పోస్ట్ పెట్టారు. "నా చెల్లెలు. గొప్ప దర్శకురాలు అయ్యేది."

ఎవరు కానిచ్చారు సార్? మొన్నటి దాకా బతికే ఉంది కదా. ఆ ముక్క ప్రొడ్యూసర్‌తో అంటే మీ సొమ్మేం పోయేది?

హాస్పిటల్‌లో బాడీ ఇవ్వకముందే కో-డైరెక్టర్ ఫోన్ చేశాడు. దహనం ఎప్పుడని అడుగుతాడనుకున్నాను. చాలా బాధగా ఉందన్నాడు. ఆ వెంటనే శైలూ ఫోన్ పంపించమని, లాక్ ఏంటో చెప్పమని అడిగాడు. కంటిన్యూటీ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయట, రేపు షాట్ ఉందట.

నేను తిట్టడం మొదలుపెట్టాను. పక్కనే కూర్చున్న శైలూ వాళ్లమ్మ సంగతేందని అడిగింది. చెప్పాను.

కరీంనగర్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కొంగులోంచి కూతురి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇచ్చెయ్యి బిడ్డా. నా బిడ్డ వల్ల పని ఆగిందన్న మాట రావొద్దు."

ఇచ్చేశాను. ఈపాటికి అక్కడ షాట్ ఓకే అయిపోయి ఉంటుంది.

హాయిగా పడుకో శైలూ. నీకైనా కాస్త శాంతి దొరకాలి.