బాపు డప్పు, న్యూట్రినోల బరువు

తొంభైల చివర, పరిశోధన సీటు ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందు దేవరకొండ దగ్గరి మా ఊరికి వచ్చాను. న్యూట్రినోలకు బరువుందని అప్పుడప్పుడే తేలింది. ప్రయాణంలో అవి ఒక రకం నుంచి ఇంకో రకానికి ఊగుతుంటాయి. ఆ ఊగును బట్టి బరువుల్లో తేడా దొరుకుతుంది గానీ, ఏది ఎక్కువో, ఏది తక్కువో తెలియదు. ఎట్లా తేలుస్తావని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలా అని పుస్తకాలన్నీ తిరగేస్తున్నాను. సీటు పోతే నా చదువు అక్కడితో సరి.

పీర్ల పండుగ రోజులు. బాపు, చిన్నాయిన వాకిట్లో గడ్డిమంట వేసి డప్పులు కాస్తున్నారు. రెండూ కలిపి కొడితే మోత ఒకసారి పెరిగి, ఒకసారి తగ్గి ఊగుతోంది.

"ఏ డప్పు సుతి దిగిందో చెప్పు సూద్దాం" అన్నాడు బాపు.

"చిన్నాయినది" అన్నాను దర్జాగా. ఇద్దరూ పకపకా నవ్వారు.

"ఊకె ఇంటె ఎట్ల తెలుస్తది బిడ్డా? ఊగుతాందంటె తేడా ఉన్నట్టు, గంతె. ఒక్కదాన్ని జర కాచి, తోలు బిగిసి సుతి ఎక్కినంక మల్ల కొట్టాలె. ఊగు తగ్గితె గదే దిగినట్టు. మంటకు మాత్రం ఎడంగ వట్టాలె, దగ్గరికి వోతె తోలు మాడుతది."

తన డప్పే కాచి కొట్టాడు. ఊగు నెమ్మదించింది. దిగింది ఆయనదే!

ఇంటర్లో శృతిదండానికి మైనం అంటించి నేను చేసిన ప్రయోగమే ఇది. మార్కులైతే తెచ్చుకున్నాను, బుర్రకెక్కించుకోలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నే పడింది.

"ఒక్క ఊగుతో తేడా ఒక్కటే తెలుస్తుంది సార్. దాని పక్కన రెండో ఊగు కావాలి. అణు రియాక్టరుకు బాగా దూరం పోయి న్యూట్రినోలను పట్టుకుంటే, రెండు సన్నటి ఊగులు కలిసి కనబడాలి. వాటిలో బలమైనది వేగమా, బలహీనమైనది వేగమా చూస్తే ఏది బరువో తేలుతుంది" అన్నాను.

పెద్ద సారు కళ్ళద్దాలు తీశారు. "ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?"

ఆయన ముందున్న నా దరఖాస్తులో తండ్రి వృత్తి 'వ్యవసాయం' అని ఉంది. మాకు గుంట భూమి లేదు. సిగ్గుపడి నేనే అట్లా రాశాను.

"పుస్తకం కాదు సార్. మా బాపు డప్పు కొడతాడు. ఆయన చెప్పిందే. ఆ కాగితంలో తప్పు రాశాను, ఇస్తే దిద్దుతాను."

దిద్దాను. ఆ రోజు నేను పడినంత గర్వం తర్వాత డాక్టరేటు పట్టా అందుకున్నప్పుడు కూడా పడలేదు.

సీటు వచ్చిందని ఇంటికొచ్చి చెప్పాను. రియాక్టరంటే పెద్ద మంటలాంటిదని కూడా చెప్పాను.

"మరి ఏది బరువో సార్లకు తెలిసిందా?" అన్నాడు బాపు.

"ఇంకా లేదు బాపూ."

"అయితె మంటకు ఇంకింత ఎడంగ జరగమను."