ఘాటులోనూ తెగని మాట

జీవమ్మది రాయచోటి దగ్గర పల్లె. శనక్కాయలు పెరికే కూలికి పోయినచోట కర్నూలు జిల్లా ఆలూరు నుంచి వచ్చిన లేవితో పరిచయమై, పెళ్లయింది. తల్లినీ ఊరినీ వదిలి అతను జీవమ్మ పల్లెకే వచ్చేశాడు. ఆ కోపం అతని తల్లి ప్రేమమ్మకు ఏళ్లు గడిచినా చల్లారలేదు.

2007 వేసవిలో లేవి ఎక్కిన టమోటా లారీ కర్నూలు దగ్గర బోల్తా పడింది. మర్నాడు కబురు అందగానే జీవమ్మ తన అన్న సెల్లు తీసుకుని కర్నూలు బస్సెక్కింది.

దారిలో మరిది యేసుప్రసాద్ ఫోన్ చేశాడు. "కర్నూలు ఆస్పత్రిలోనే ఉండాం వదినా. అన్న మాట్లాడలేడు గానీ వింటాండాడు. ధైర్యం చెప్పు."

చెవిలో బరువైన ఊపిరి. జీవమ్మ దానితోనే మాట్లాడింది. మేక ఈనిందని చెప్పింది. "నువ్వు లేస్తే సాలు. ఇంక లారీలొద్దు, ఈడనే కూలి చేసుకుందాం," అంది.

కొండ మలుపుల గువ్వలచెరువు ఘాటు రోడ్డు వచ్చింది. "ఈడ ఎవురికైనా ఫోను తెగాల్సిందేమ్మా," అన్నాడు పక్క సీటు పెద్దాయన. కానీ ఆ మధ్యే ఘాటులో కొత్త సెల్ టవర్లు వేశారు. ఒక టవరు వదిలిన మాటను ఇంకొకటి అందుకుంది. ఊపిరి తెగలేదు. జీవమ్మ దేవునికి స్తోత్రం చెప్పుకుంది. అంతలో మలుపుల్లో బస్సు ఊగేసరికి మాట ఆపి, ముందు సీటు కడ్డీ పట్టుకుంది.

"వదినా? హలో? కట్టయినట్లుండాది, ఘాటెక్కినారు," అన్నాడు అవతల యేసుప్రసాద్. "అన్న మాదిరి రొప్పి రొప్పి నా గొంతెండిపాయ."

"మంచిదాయ," అంది ప్రేమమ్మ గొంతు. "పెట్టె మూయండి. దాన్ని కర్నూల్లో ఎతుక్కోనీ. బతికుండగా నా కొడుకును తీస్కపాయ. సచ్చినాకైనా నాకు ఉండనీ."

లేవి చనిపోయాడనీ, శవం ఆలూరు చేరిందనీ అప్పుడర్థమైంది జీవమ్మకు.

"ఆపండప్పా! నేనొస్తాండా!" అని అరిచింది. ఫోను మరిది జేబులోకి పోయినట్టుంది, ఎవరూ వినలేదు. మేకులు కొట్టిన చప్పుడు, పాటలు, మట్టి పడిన చప్పుడు అన్నీ స్పష్టంగా వచ్చాయి.

"పెట్టేయ్ తల్లీ, ఇనొద్దు," అన్నాడు పెద్దాయన. ఆమె చెవి తియ్యలేదు.

కడపలో బస్సు మారి మర్నాడు ఆలూరు చేరింది. వాకిట్లో పదిమంది ముందు ప్రేమమ్మ గుండెలు బాదుకుంది. "ఇప్పుడొచ్చినావా! నీకోసం ఎంత ఎదురుచూసినాడే నా బిడ్డ!"

"అంతా ఫోన్లో ఇన్నానత్తా," అంది జీవమ్మ.

ప్రేమమ్మ లేచి తలుపేసుకుంది. యేసుప్రసాద్ బయటికే రాలేదు. చేరిన ఆడవాళ్లు, మొగుడి చావుకు కూడా రాని మనిషని చీదరించుకున్నారు.

సమాధుల దొడ్డిలో పచ్చిమట్టి కుప్పలు రెండున్నాయి. ఏది లేవిదో ఎవరూ చెప్పలేదు. జీవమ్మ కాసేపు ఒకదాని పక్కన, కాసేపు ఇంకొకదాని పక్కన కూర్చుంది.