గ్యారంటీ లేదన్న మనిషి

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సు పామర్రులో ఆగినప్పుడు నా వెనక సీట్లోకి ఎవరో వచ్చి కూర్చున్నారు. బస్సు కదిలాక, కిటికీ గాలి హోరు కింద నుంచి ఆ శబ్దం వినిపించింది. సన్నగా, రెండు మూడు స్వరాలు పెనవేసుకుని, ఊపిరి వదిలినప్పుడల్లా సాగే పిల్లికూతలు. గభాలున తల తిప్పాను. ఎవరో పెద్దాయన, ఒళ్లో టిఫిన్ క్యారేజీ. ఏంటమ్మా అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. సిగ్గుపడి ముందుకు తిరిగాను. ఆ శబ్దం చెవిన పడగానే నేను పదిహేడేళ్ల పిల్లనైపోయాను. నా వెనక సుగుణమ్మ టీచర్ నిలబడి నా మాటలు వింటోందని నమ్మాను. ఒక్క క్షణమే. ఆ క్షణాన్ని ఇంకొంచెం సాగదీయగలిగితే, డ్రైవరు బస్సును బందరు దాటించి సముద్రం ఒడ్డు దాకా తోలుకుపోయినా నేను నోరెత్తేదాన్ని కాదు.

ఆమెను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. బందరులో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేది. పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గరి పల్లెలో, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో. చిన్నప్పుడే తల్లి పోతే, తమ్ముడు ప్రకాశాన్ని పెంచుతూ, ఊక పొయ్యి ముందు కూర్చుని వండుతూ, ఆ పొగలోనే చదువుకుంది. చదువు ఆమెను బందరు దాకా తీసుకొచ్చింది కానీ, పొగ ఆమె ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. బీడీ ముట్టని మనిషికి, జీవితమంతా చుట్టలు కాల్చినవాడి రొమ్ము. గాలిగొట్టాలు ఇరుకైపోయాయనీ, పోయిన మేర తిరిగి రాదనీ డాక్టర్లు చెప్పారు. నేను ఎరిగేనాటికే ఆమె వాక్యాలు పొట్టివి. ఊపిరి చాలదు కాబట్టి విశేషణాలన్నీ వదిలేసింది. ‘ఎన్నడూ’, ‘అందరూ’, ‘ఖచ్చితంగా’ లాంటి మాటలు ఆమె నోట నేను వినలేదు. నా వ్యాసాలు చదివేవాళ్లు అందులో వేడి ఉందంటారు. ఆ వేడి నాదే. ఎక్కడైనా పొదుపు కనిపిస్తే, అది ఆమె ఊపిరి.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమె ఇంటి వరండాలో వాదనలు జరిగేవి. చర్చి నుంచి తిన్నగా వచ్చేవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు, ఎక్కడికీ వెళ్లని నాలాంటివాళ్లు, అందరం చాపల మీద కూర్చునేవాళ్లం. ఒకసారి నేను లేచి, “తాయెత్తు కట్టుకుని బాగుపడినవాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడు!” అని అరిచాను. వరండా అదిరేలా చప్పట్లు. అందరూ వెళ్లాక, టీ గ్లాసులు కడుగుతూ టీచర్ అడిగింది.

“దేనికి కొట్టారు చప్పట్లు?”

చెప్పాను.

“అది నిజమేనా?”

“నిజమే కదండీ.”

“జలుబు దానంతటదే తగ్గదా? తాయెత్తు కట్టినవాడికీ తగ్గుతుంది. వాడు బాగుపడ్డాడు. తాయెత్తు వల్ల కాదు. అంతే.”

“అలా చెబితే ఎవరు కొడతారండీ చప్పట్లు?”

“కొట్టరు,” అంది గ్లాసు బోర్లిస్తూ. “నీకేం కావాలో చూసుకో.”

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. మూఢనమ్మకాల మీద యుద్ధానికి బయల్దేరిన పిల్లకు కత్తి చేతికిచ్చి, పదును ఎక్కువైందని తిట్టినట్టు అనిపించింది. ఆ మంట చాలా ఏళ్లు ఉండిపోయింది. గుడివాడలో ఉద్యోగంలో చేరాక కూడా, నెలకోసారైనా బందరు వెళ్లి ఆ వరండాలో కూర్చునేదాన్ని. ఆమెతో పోట్లాడటానికే వెళ్తున్నాననుకునేదాన్ని.

ఆమె రిటైరయ్యాక జబ్బు ముదిరింది. అలాంటి ఊపిరితిత్తులున్నవాళ్లకు ఫ్లూ అంటే నాలుగు రోజుల పడిశం కాదు, ఆస్పత్రి మంచం దాకా ఈడ్చుకుపోయేదని చెప్పి, ఏటా వానలకు ముందు టీకా వేయించుకోమన్నాడు డాక్టరు. వైరస్ వేషం మారుస్తుంటుంది కాబట్టి టీకా కూడా ఏటా కొత్తది కావాలి. టీచర్ ఒక్క ఏడూ మానలేదు. కోడూరులో వరి, రొయ్యల చెరువు చూసుకునే తమ్ముడికీ అదే జబ్బు, అతనిది చుట్టల పుణ్యం. అక్క పోరు పడలేక ఒకసారి వేయించుకున్నాడు. వారం తిరక్కుండా దగ్గు, జ్వరం. అంతే, మళ్లీ ఆ ఊసెత్తనివ్వలేదు. నేను ఆయన్ని మావయ్యా అనేదాన్ని. ఒక వేసవిలో ఆయన గోతాం సంచిలో పీతలు పట్టుకొచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

“ఏం అక్కా, ఈ ఏడు కూడా పొడిపించుకున్నావా?”

“పొడిపించుకున్నా. నీదే మిగిలింది.”

“నన్ను ఒదిలెయ్. సూది ఏయించుకున్న వారానికే మంచం ఎక్కా. మీ సైన్సు ఏమంటది దానికి?”

నేను ఎగిరిపడ్డాను. “కాకి వాలితే తాటిపండు పడిందన్నట్టుంది మావయ్యా నీ లెక్క! ముందు సూది, తర్వాత జ్వరం, కాబట్టి సూదే కారణమా?”

“ఇదిగో, రాసే పిల్ల లేచింది,” అన్నాడు ఆయన పీతల సంచి మూతి బిగిస్తూ. “పీతలైతే సంచిలో ఊరుకుంటాయి.”

“నువ్వాగు శారదా,” అంది టీచర్. తమ్ముడి వైపు తిరిగింది. “జ్వరం వచ్చింది. నిజమే. టీకాలో బతికున్న వైరస్ లేదురా. దాంతో ఫ్లూ రాదు. అది కాపాడటం మొదలెట్టడానికే రెండు వారాలు. ఈలోపు ఇంకోటేదో పట్టుకుని ఉంటుంది.”

“ఉంటుందా? అంటే నీకూ తెలీదన్నమాట.”

“ఏదో తెలీదు. టీకాతో ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడొచ్చు. ఆ దగ్గు మాత్రం టీకాది కాదు.”

ఆయన నవ్వి, పీతలు వంటింట్లో పెట్టి, కోడూరు బస్సుకు వెళ్లిపోయాడు. ఆమె వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది. పెంచిన చేతులకు ఆయన ఇంకా చిన్నపిల్లవాడే. ఆయన ఊపిరి ఎలా ఉందో ఆమె చెవులకు తెలుసు. ఈ వానల్లో ఫ్లూ పట్టుకుంటే తట్టుకోలేడన్న భయం ఆ చూపులో ఉంది.

ఆ వానల్లో ఫ్లూ పట్టుకున్నది ఆమెనే. టీకా వేయించుకున్న మనిషినే. నేను బందరు ఆస్పత్రికి చేరేసరికి ముఖానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఉంది. మూడో రోజుకు తెప్పరిల్లింది. టీకా ఉండబట్టే ఇంత తేలిగ్గా బయటపడ్డారని డాక్టరు వెళ్తూ వెళ్తూ అన్నాడు. ఆ మాట నేను పట్టుకున్నాను. ప్రకాశం మావయ్య ఆస్పత్రి వరండాలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన లోపలికి వచ్చేలోపు ఆమె చెవి దగ్గర వంగాను.

“మావయ్యతో ఒక్క మాట చెప్పండి టీచర్. టీకా లేకపోతే చచ్చిపోయేదాన్నని. ఇవాళ మీరు ఏం చెప్పినా కాదనడు.”

ఆమె నా వైపు చూసింది. అప్పటికే ఆయన మంచం దగ్గరికి వచ్చాడు, కళ్లు ఎర్రగా.

“ఏయించుకున్నావు కదక్కా. మరి ఇదేంటే?”

ఆమె మాస్క్ కొంచెం పైకెత్తింది. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంది.

“గ్యారంటీ లేదురా. వేయించుకున్నా రావచ్చు. వేయించుకున్నవాళ్లు ఇలా పడేది తక్కువ. అంతవరకు తెలుసు.”

“నిన్ను అదే బతికించిందా?”

“నా ఒక్కదాని సంగతా? తెలీదు. టీకా లేని సుగుణమ్మని పక్కన పెట్టి చూడలేం కదా.” మాస్క్ దించుకుని ఒక ఊపిరి తీసుకుంది. “నువ్వు వేయించుకోకపోతే మాత్రం నాకు భయంరా.”

ఆయన ఆమె దుప్పటి సర్ది, బయటికి వెళ్లిపోయాడు. నేను ఊరుకోలేకపోయాను. ఎదుటివాళ్లు అబద్ధాలు అమ్ముకుని జనాన్ని చంపుతుంటే మనం ఒక్క మాట పెంచి ఒక ప్రాణం కాపాడకూడదా, ఈ నిజాయితీ ఎవరి కోసం అని ఆమె మంచం పక్కనే నిలదీశాను. ఆమె జవాబు చెప్పలేదు. ఊపిరి చాలక కాదు, నాకు తెలుసు. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

తర్వాతి చలికాలంలో ఆమె పోయింది. ఫ్లూ కాదు. ఆ రొమ్ము అలసిపోయింది. అంతకుముందు చివరిసారి వెళ్లినప్పుడు, “టీకా సంగతి వాడేమైనా అన్నాడా?” అని అడిగింది. లేదన్నాను. సరేలే అన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె చర్చి మానేసి చాలా కాలమైనా, తమ్ముడి కోరిక మీద కోడూరులోనే సమాధి చేశారు.

వానలు ఇంకా మొదలుకాని ఒక ఉదయం ఫోన్ వచ్చింది. “అమ్మాయ్, నేను ప్రకాశాన్ని. ఆ సూది ఎక్కడ పొడుస్తారు?”

బందరులో అదే డాక్టరు గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఇన్నాళ్లకు ఇప్పుడెందుకని అడిగాను.

“మా ఊళ్లో పొడి మందు అమ్మేవాడు గ్యారంటీ అన్నాడు. తాయెత్తువాడూ గ్యారంటీ అన్నాడు. నువ్వూ అంతేగా, ఎప్పుడు నోరు తెరిచినా గ్యారంటీయే.” నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. తేరుకుని అన్నాడు. “లేదన్నది మా అక్కొక్కతే. ఆ రోజు ఒక్క అబద్ధం ఆడితే నేను అక్కడే చెయ్యి చాపేవాణ్ణి. అక్కకీ తెలుసు ఆ సంగతి. ఆడలేదు. ఆ మాట నన్ను ఒదల్లా.”

లోపలి నుంచి పేరు పిలిచారు. లేవబోతూ నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో అక్క పోలికలు అంత ఉన్నాయని నేను అంతకుముందు గమనించలేదు.

“ఇది ఏయించుకుంటే ఈ ఏడు గడుస్తదంటావా?”

గడుస్తుంది మావయ్యా అనే మాట నాలుక మీదకి వచ్చేసింది. ఎంత తేలికైన మాట అది, ఎంత దయగల మాట.

“తెలీదు మావయ్యా. ఫ్లూతో ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం తగ్గుతుంది. పూర్తిగా పోదు.”

తల ఊపి, చొక్కా చెయ్యి మడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి, జబ్బకు దూది అదుముకుని నా పక్కన కూలబడ్డాడు.

“పరలోకంలోంచి చూస్తా ఉంటదిలే అక్క,” అన్నాడు. “అక్కడ కూడా ఎవరితోనో వాదన పెట్టుకునే ఉంటది.”

ఆమె చూస్తోందని నేను నమ్మను. ఆయన్ని ఓదార్చడానికి నమ్ముతున్నానని చెబితే ఆమె ఊరుకునేది కాదు. చూస్తే బాగుండునని మాత్రం ఆ బల్ల మీద కూర్చున్నంతసేపూ అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.