కోదాడ పోవాల్సిన కారు

తాళం తిప్పితే కారు ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. దాన్ని కొనడానికి కోదాడ నుంచి వచ్చిన కిరాణా షాపు ఆయన సూర్యాపేటలో మా ఇంటి ముందు నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నాకైతే లోపల్లోపల పండగే.

అది రెండు వేల ఆరు, దసరా వెళ్లిన నాలుగో రోజు. నేను డిగ్రీ చదువుతున్నాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన నాయిన, సొంతానికని కొనుక్కున్న పాత పెట్రోలు కారది. షుగర్ వల్ల ఆయనకు చూపు తగ్గింది. ఇక స్టీరింగ్ పట్టొద్దని మిర్యాలగూడ కంటి డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే అమ్ముతున్నాడు. దాని మీదే డ్రైవింగ్ నేర్చుకోవాలని నా ఆశ. అడిగినప్పుడల్లా “సూద్దాం తియ్” అనేవాడు. ఆ చూద్దాం తీరకుండానే కారు పోతోంది.

“ఏమైంది నాయినా?” అన్నాను.

“ఏమో బిడ్డా, సమజైతలేదు,” అని అరుగు మీద కూర్చున్నాడు. చప్పుడు విని ఇంజన్ జబ్బు చెప్పే మనిషి! చూపుతో పాటు ధైర్యం కూడా పోయిందేమోనని బాధేసింది.

“ఇవాళ అవ్వకపోతే వదిలేద్దామండి, నేను వేరేది చూసుకుంటాను,” అన్నాడు కోదాడ ఆయన.

నోరు మూసుకుని ఇంట్లోకి పోతే సరిపోయేది. కానీ ఏదైనా ఎందుకు ఆగిందో తెలిసేదాకా నాకు అన్నం సయించదు. పెట్రోలు లేదా? అసలు ఇంజన్ తిరిగితే కదా పెట్రోలు సంగతి. మరి బ్యాటరీ అయిపోయిందా? హెడ్‌లైట్లు వేస్తే తెల్లగా వెలిగాయి. కోదాడ ఆయన్ని వాటి ముందు నిలబెట్టి తాళం తిప్పాను.

“ఆరిపోయాయమ్మా! వదిలితే మళ్లీ వెలుగుతున్నాయి!” అని అరిచాడు.

విచిత్రంగా అనిపించింది. ఉన్న కరెంటు ఎక్కడ ఆగిపోతోంది? ఇంకో నాలుగుసార్లు తాళం తిప్పి, బానెట్ ఎత్తి, బ్యాటరీకి బిగించిన రెండు వైర్ల కొసలనూ వేలితో తాకాను. ఒకటి చల్లగా ఉంది. రెండోది చురుక్కుమంది. దారి దొరక్క కరెంటు అక్కడే వేడెక్కుతోందన్నమాట! ఆ సంబరంలో కారు మా ఇంట్లోనే ఉండాలన్న సంగతి మరిచిపోయి, పానాతో బోల్టు వదులు చేసి ఆ కొస ఊడదీశాను.

లోపల పసుపు. ఎండి పెచ్చులు కట్టి ఉంది.

పెట్టింది నేనే. ఆయుధ పూజకు బానెట్ మీద బొట్లు పెట్టమన్నాడు నాయిన. ఉత్త రేకుకు పెడితే ఏం లాభం, ప్రాణమున్న చోట పెట్టాలని వైరు విప్పి, బ్యాటరీ మొనకు నిండుగా పసుపు రాసి మళ్లీ బిగించిన మహాతల్లిని. ఆ రోజు తడి మీద ఎట్లాగో స్టార్టయి నిమ్మకాయలు తొక్కింది. పసుపు ఎండాక మొండికేసింది.

పానా పట్టుకుని కాసేపు ఆగాను. అట్లాగే బిగించేస్తే కారు మాది, ఎవరికీ తెలియదు. కానీ నేననుకున్నది నిజమో కాదో తెలియాలిగా! బ్లేడుతో గీకి, చున్నీతో తుడిచి, బిగించి తాళం తిప్పాను. ఇంజన్ వెంటనే అందుకుంది.

గంటలో కారు కోదాడ రోడ్డెక్కింది. అది మలుపు తిరిగాక నాకు ఏడుపొచ్చింది. నాయిన పక్కన కూర్చుని పసుపు సంగతి చెప్పి తిట్లకు సిద్ధపడ్డాను.

ఆయన తిట్టలేదు. “లైట్లు ఆరినయని ఆయన అన్నప్పుడే నాకు ఎరుకైంది బిడ్డా, వైరు సక్కగ పట్టుకుంట లేదని,” అన్నాడు.

“మరి చెప్పవైతివి?”

“గీ ఒక్క పూట ఆగితే ఆయన వేరేది కొనుక్కుంటడు గదా అనుకున్న. పక్కన కూసొని నీకు నేర్పాలని ఉండె.”