డూప్లికేట్లు తీసేయమంటారా?

మా ఇంట్లో పాటలు వినే గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంటుంది. ఈ మాట చెబితే నా గురించి సగం చెప్పినట్టే. రెండు స్పీకర్లకీ సమాన దూరంలో, టేపు పెట్టి కొలిచి, నేల మీద గుర్తులు అతికించి మరీ వేసిన కుర్చీ అది. అందులో కూర్చుంటే పాడే మనిషి సరిగ్గా ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి అలా ఉండదు. అందుకని పక్కన ఎవరికీ కుర్చీ వెయ్యలేదు. మా ఆవిడ ఒకసారి కాఫీ తెచ్చి, "నాకో చాపైనా వెయ్యచ్చు కదండీ" అంది. చాప పరిస్తే ఆ మూల ధ్వని ఎలా మారిపోతుందో ఆమెకి వివరించాను. కాఫీ చల్లారేదాకా వివరించాను.

ఆ గదిలోంచి నేను చెరిపేసింది ఆమె గొంతునే.

షూటింగులకి లైట్లు, జనరేటర్లు అద్దెకిచ్చే వ్యాపారం నాది. ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో, ఇల్లు జూబ్లీ హిల్స్‌లో. పగలంతా జనరేటర్ల హోరులో ఉండేవాణ్ణి కాబట్టి ఇంటికొస్తే నిశ్శబ్దం కావాలనుకోవడం న్యాయమే. నేను నిశ్శబ్దంతో ఊరుకోలేదు. నిశ్శబ్దంలో కూడా మంచి రకం, చవక రకం ఉంటాయని నమ్మే మనుషుల్లో కలిశాను. తీగ మారిస్తే తబలా ఎడమచెయ్యి నిండుగా వినిపిస్తుందని ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆ దారిలోనే మ్యూజిక్ సర్వర్ దగ్గరికి చేరాను.

చూడ్డానికి అది పాత వీసీఆర్‌లా ఉంటుంది. పాటల్ని లోపల దాచుకుని, అడిగినప్పుడు వినిపించడం దాని పని.

"ఫోను కూడా అదే చేస్తుందిగా?" అంది మా ఆవిడ.

ఫోనుకి ఇంత మందం అల్యూమినియం ఒళ్ళు ఉండదని చెప్పాను. ఇందులో ఫ్యాను కూడా లేదు, ఫ్యాను చప్పుడు పాటలో కలవదు అన్నాను.

"మరి పైన తిరుగుతున్న ఫ్యానో?"

ఆ రోజు నుంచి సీలింగ్ ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ పాటలు విన్నాను.

దానికి విడిగా ఎర్తింగ్ కావాలన్నాడు అమ్మినతను. పెరట్లో గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోయించి రాగి పలక పాతించాను. ఆ గుంత కోసం కరివేపాకు చెట్టు పోయింది. కొన్నాళ్ళపాటు పులుసులో కరివేపాకు లేకుండా వడ్డిస్తూ, "ఎర్తింగ్ సరిపోయిందా, ఇంకాస్త వెయ్యనా?" అని అడిగేది మా ఆవిడ. సర్వర్‌కి తోడుగా ఒక డిస్కు కూడా ఇచ్చారు. లోపలి పాటలన్నిటికీ నకలు అందులో ఉంటుంది. దాని మోటారు అదురు వల్ల ధ్వని మసకబారుతుందని ఆ అమ్మినతనే నెమ్మదిగా చెవిలో వేశాడు. నేను దాన్ని పీకి అటక మీద పెట్టి, తిరిగొచ్చి కళ్ళు మూసుకుని విన్నాను. తేడా తెలిసింది. తెలియకపోతే నా పరువేం కావాలి? తరవాత ఆ డిస్కుని ఆఫీసుకి పట్టుకెళ్ళి, లెక్కల కోసం చెరిపించి వాడుకున్నాను.

ఇక మా ఆవిడ సంగతి. పెళ్ళికి ముందూ, తరవాత చాలా ఏళ్ళూ ఆమె ట్రాకులు పాడింది. సినిమా పాట తయారయ్యేటప్పుడు పేరున్న గాయని తేదీ దొరికేదాకా పని ఆగకూడదు కదా. అందుకని ముందు ఇంకొకరి చేత పాడించి, ఆ గొంతు మీదే షూటింగ్ కూడా కానిచ్చేస్తారు. పెద్దావిడ వచ్చి అది విని, నేర్చుకుని పాడాక మొదటి గొంతు తీసేస్తారు. వాయిద్యాలు అవే, నడక అదే, నిడివి అదే. గొంతొక్కటే మారుతుంది. మా ఆవిడ పాడినవన్నీ అలా మారిపోయినవే. రికార్డింగ్ అయ్యాక స్టూడియోవాళ్ళని బతిమాలి ఒక్కో పాటా సీడీ మీద ఎక్కించుకుని తెచ్చుకునేది. తరవాత థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట బాగానే ఉంది గానీ పై స్వరాలు అందడం మానేశాయి. అప్పటి గొంతు ఆ సీడీల్లోనే మిగిలింది.

ఆ సీడీలన్నీ నేనే సర్వర్‌లోకి ఎక్కించాను. అది మంచి పనేనని ఇప్పటికీ అంటాను. నా బుద్ధి తరవాత పనిచేసింది. సీడీల మీద మార్కర్‌తో "ప్రొడక్షన్ నంబర్ టూ, హీరోయిన్ సాంగ్, ట్రాక్" అని మాత్రమే ఉండేది. అప్పటికి సినిమాకి పేరు పెట్టి ఉండరు. ఆ రాతతో ఎక్కిస్తే సర్వర్ తెర మీద పోస్టరు ఉండాల్సిన చోట బూడిదరంగు గడి కనిపించేది. నిగనిగలాడే పోస్టర్ల మధ్య ఆ బూడిద గళ్ళు నాకు కంటిలో నలుసులయ్యాయి. కూర్చుని ఒక్కో పాటకీ సినిమా పేరు, పాట పల్లవి శ్రద్ధగా టైపు చేశాను. గళ్ళన్నీ పోస్టర్లయ్యాయి. మురిసిపోయాను. సీడీలు పాత సామాన్లవాడికి వేసేసి, అవి ఉన్న గోడకి స్పాంజి పలకలు కొట్టించాను.

ఆ సినిమాల అసలు పాటలు కూడా సర్వర్‌లో ఉన్నాయి. అంటే ఇప్పుడు ఒకే పేరుతో, ఒకే పోస్టరుతో, ఒకే నిడివితో రెండేసి పాటలు. ఒక ఉదయం సర్వర్ మర్యాదగా అడిగింది, ఒకే పాట రెండుసార్లు ఉన్నట్టుంది, నాణ్యత తక్కువైన డూప్లికేట్లు తీసేయమంటారా అని. నాణ్యత తక్కువైనది నా సర్వర్‌లోనా! జాబితా చూడకుండానే "అన్నిటికీ అవును" నొక్కాను. ఖాళీ అయిన చోట్లో ఇంకేవో పాటలు నింపాను.

ఈ సంగతి నాకు తెలిసింది మా ఆవిడ అడిగినప్పుడు. తనతో కోరస్ పాడిన స్నేహితురాళ్ళు ఇద్దరు ఆదివారం భోజనానికి వస్తున్నారని చెప్పి, తలుపు దగ్గరే నిలబడి, "వాళ్ళకి మీ గదిలో నా పాటలు పెడతారా?" అంది. నా గది నుంచి ఆమె ఏదైనా అడగడం చాప తరవాత అదే. ఓ, తప్పకుండా అన్నాను. ఆమె వెళ్ళాక మురిపెంగా వెతికాను. పోస్టర్లన్నీ ఉన్నాయి. ఏది నొక్కినా పెద్దావిడ గొంతే.

చెప్పలేదు. ఆదివారంలోగా ఎలాగైనా సంపాదించి పెట్టేద్దాం, చెప్పి బాధపెట్టడం ఎందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి భయం.

అమ్మినతనికి ఫోన్ చేశాను.

"డిలీట్ అయినవి తియ్యచ్చు సర్. తరవాత కొత్త సాంగ్స్ ఏమైనా ఎక్కించారా?"

"నిండా ఎక్కించాను."

"అయితే కష్టం సర్. పర్లేదు, బ్యాకప్ డిస్కు ఉందిగా?"

"పీకేశాను. సౌండ్ మసకబారుతుందన్నారుగా మీరు."

"కానీ తేడా తెలిసింది కదా సర్?" అన్నాడు.

ఆమె పాడిన స్టూడియోల్లో ఒకటే ఇంకా మిగిలి ఉంది. అక్కడికి వెళ్ళాను. సౌండ్ ఇంజనీర్ నాకు పాత పరిచయమే. కరెంటు పోయినప్పుడల్లా మా జనరేటర్ కోసం ఫోన్ చేసేవాడు.

"ట్రాకులా? గవెవ్వరు దాస్తరన్నా!" అని నవ్వాడు. "ఫైనల్ ఓకే అయిందంటే ట్రాక్ కొట్టేసుడే. లేకుంటే మిక్సింగ్‌ల తప్పు గొంతు పడితే పంచాయితీ. గాయన గొంతెందుకు, గీయన గొంతెందుకని నన్ను పట్టుకుంటరు. మీకెందుకన్నా ఇప్పుడు?"

"మా ఆవిడవి."

నవ్వు ఆపేశాడు. "వదినెవి మీ ఇంట్ల ఉండెగదా? నేనే రాసిచ్చిన సీడీల మీద."

"ఉండేవి."

"ఏమైనయి?"

ఫైనల్ ఓకే అయ్యాక కొట్టేశానని చెప్పాలి. చెప్పకుండా టీ తాగి వచ్చేశాను.

ఆదివారం రానే వచ్చింది. నా గదిలోకి మొదటిసారి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఇంకో రోజైతే వాటి వీపుల మీద ధ్వని ఎలా తగులుతుందోనని బెంగపడేవాణ్ణి. వాళ్ళిద్దరిలో ఒకావిడ గుంటూరు మనిషి, నోరు గట్టిది. రెండో ఆవిడ ఇప్పుడు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పుతోంది, మాట తక్కువ. నా కుర్చీలో మా ఆవిడని కూర్చోబెట్టారు. ఆమె కొంగు సర్దుకుని, పరీక్షకి వచ్చినట్టు కూర్చుంది.

ముందు సముద్రపు హోరు వినిపించాను. తరవాత తబలా. తరవాత వయొలిన్.

"అన్నయ్యగారూ, సముద్రం విన్నాం, తబలా విన్నాం" అంది గుంటూరావిడ. "మా పిల్ల పాట పెడతారా, ఇంకా రైలింజన్లూ విమానాలూ ఉన్నాయా?"

"లాలి పాట పెట్టండి అన్నయ్యా" అంది రెండో ఆవిడ. "ఆపరేషన్‌కి ముందు చివరగా పాడింది. హమ్మింగ్ నాదే అందులో."

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పెద్ద గాయని పాడిన లాలి పాట పెట్టి, శబ్దం బాగా తగ్గించాను. వాయిద్యాలు అవే కదా, మాటల్లో పడి గమనించరులే అనుకున్నాను. తీగ మారిస్తే తేడా చెప్పగలనని గొప్పలు పోయే నేను, జీవితమంతా పాడి బతికిన ముగ్గురు ఆడవాళ్ళు గొంతు మారితే పోల్చుకోలేరనుకున్నాను.

పల్లవి మొదటి పాదం పూర్తి కాలేదు.

"ఇది నేను కాదండీ" అంది మా ఆవిడ.

గుంటూరావిడ పడీ పడీ నవ్వింది. "ఇదేం కొత్తే నీకు? ఊళ్ళో అందరికీ చెప్పుకుని రేడియో పెడితే ఎప్పుడూ ఇంతేగా! పాడింది మనం, పలికింది వేరేవాళ్ళు. అన్నయ్యగారు కూడా నిర్మాత అయిపోయారు!"

మా ఆవిడ నవ్వలేదు. నా వంక చూసింది. అప్పుడు చెప్పాను. పోస్టర్లు, డూప్లికేట్లు, అటకెక్కిన డిస్కు, అన్నీ. చెబుతుంటే ఏదీ తప్పులా వినిపించలేదు, అన్నీ తెలివితక్కువగా వినిపించాయి. అది ఇంకా కష్టంగా ఉంది.

"తీసేయమంటారా అని అడిగిందా మిమ్మల్ని?"

"అడిగింది."

"చదివారా?"

"లేదు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. రెండో ఆవిడ ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది. మా ఆవిడ తిరిగొచ్చేసరికి ఆమె చేతిలో కొబ్బరికాయంత స్పీకరుంది, పసుపు మరకలతో. వంటింట్లో దాంతో సుప్రభాతం వింటుందని నేననుకునేవాణ్ణి. అందులో మెమరీ కార్డు ఉంది. ఎప్పుడో వెంగళరావు నగర్‌లో వాళ్ళ చెల్లెలింటి పక్క మొబైల్ షాపులో ఎక్కించుకుందట. దాన్ని నా స్పీకర్ల మధ్య, ఆ అల్యూమినియం పెట్టె నెత్తిన పెట్టి నొక్కింది.

డబ్బాలోంచి వచ్చినట్టుంది ధ్వని. ఎదురుగా ఎవరూ నిలబడలేదు. అయినా పాడేది మా ఆవిడేనని వాకిట్లో డ్రైవర్‌కి కూడా తెలిసుంటుంది. ఒకదాని తరవాత ఒకటి అన్నీ విన్నారు. "ఇక్కడ నాకు తుమ్మొచ్చింది గుర్తుందా?" "ఇక్కడ చూడు, ఎంత సన్నగా తిప్పావో!" వాటిలో నాకు గుర్తున్నదేదీ లేదు. ఇన్నేళ్ళలో నేను వాటిని ఎక్కించాను, పేర్లు పెట్టాను, సర్దాను. కూర్చుని విన్నది తక్కువ.

లాలి పాట ఒక్కటీ రాలేదు. ఆ కార్డు చేయించుకున్నాక పాడిందట అది. మళ్ళీ మొదటికి వచ్చి చూశారు. లేదు.

"పోనీలే" అని మా ఆవిడే మొదలుపెట్టింది, బాగా కింది శ్రుతిలో. చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట గొంతు ఆగింది. హమ్మింగ్ పాడిన ఆవిడ అందుకుని పైదాకా తీసుకెళ్ళి, దింపి తెచ్చి మళ్ళీ ఆమెకి అప్పగించింది. నేను గోడకి, అంటే స్పాంజికి, ఆనుకుని నిలబడ్డాను. కుర్చీలు లేవు మరి.

వాళ్ళు వెళ్ళాక కార్డు అడిగాను, జాగ్రత్తగా నకలు తీసి పెడతానని.

"ఇవ్వను."

"సర్వర్‌లో పెట్టనులే, ఆఫీసులో..."

"వినాలనుంటే వంటింట్లోకి రండి."

ఇప్పుడు పొద్దున్నే వెళుతున్నాను. వంటింట్లో కుర్చీ లేదు, పీట ఉంది. ఖాళీగా కూర్చుంటే ఒప్పుకోదు, చేతిలో చిక్కుడుకాయలు పెడుతుంది. ఏ పాట వెయ్యాలో ఆమె ఇష్టం. సగంలో మిక్సీ వేస్తుంది, కుక్కరు కూత పెడుతుంది, ఆ మోతలోనే వినాలి. వింటున్నాను. ఒక్కోసారి స్పీకరు కట్టేసి, పోపు వేస్తూ తనే ఆ లాలి పాట కింది శ్రుతిలో అందుకుంటుంది. చరణం దగ్గరికి వచ్చేటప్పుడు నేను తలెత్తి చూస్తే ఆపేస్తుంది. అందుకని చిక్కుడుకాయల మీదే చూపు పెట్టి ఈనెలు తీస్తున్నాను. నిన్న చరణంలోకి కాస్త దూరం వెళ్ళింది.