బాలసరస్వతి కలిపిన మందు

అద్దంకిలో రాధాకృష్ణమూర్తి డాక్టరు గారి ఆస్పత్రిలో బాలసరస్వతి పదకొండేళ్లు కాంపౌండరుగా పనిచేసింది. అప్పట్లో ఊళ్లో ఆడ కాంపౌండరు ఆవిడొక్కతే. చీటీలో ఏం రాసి ఉందో పైకి చదివి, రోగికి అర్థమయ్యేదాకా చెప్పి గానీ మందు చేతికిచ్చేది కాదు.

1986లో, మిరపకోతల రోజుల్లో వెంకాయమ్మ అనే కూలీ వచ్చింది. నెలల తరబడి విరేచనాలతో మనిషి సగమైంది. అవి కట్టాయి గానీ పిక్కలు పట్టేసి చేలో నిలబడలేకపోతోంది. రక్తం గుంటూరు పంపితే మెగ్నీషియం బాగా తక్కువని తేలింది. డాక్టరు గారు మెగ్నీషియం ఆక్సైడు బిళ్లలు రాశారు.

రెండు వారాలకు ఆమె మళ్లీ వచ్చింది.

“నొప్పులు అట్టాగే ఉన్నాయి సరస్వతమ్మా. పైగా ఆ బిళ్ల మింగితే చాలు, చెంబు పట్టుకుని పరిగెత్తాల్సిందే” అంది.

బాలసరస్వతి ఒక బిళ్లను నూరి గ్లాసుడు నీళ్లలో వేసింది. ఎంత కలిపినా పొడి అడుక్కే చేరింది. ఆ గ్లాసు తీసుకెళ్లి డాక్టరు గారి బల్ల మీద పెట్టింది.

“ఆక్సైడులోనే కదమ్మా మెగ్నీషియం ఎక్కువ ఉండేది!” అన్నారాయన, కాస్త విసుగ్గా.

“బిళ్లలో ఎక్కువేనండి. పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లేది తక్కువ. మిగిలింది నీళ్లు లాక్కుని విరేచనంగా పోతుంది. అదే మెగ్నీషియం సిట్రేటయితే నీళ్లలో కరుగుతుందండి, ఒంటికి బాగా పడుతుంది. నేను కలుపుతాను.”

“అదీ విరేచనాల మందేగా?”

“మోతాదు పెద్దదైతేనండి. కొద్దికొద్దిగా, అన్నం తిన్నాక మూడు పూటలా ఇద్దాం.”

ఆయన లేచి పుస్తకం తీసి చదివారు. వెంకాయమ్మ మూత్రపిండాలకు ఇబ్బందేమీ లేదని పరీక్షల్లో చూసుకున్నాక, “కలపమ్మా” అన్నారు.

మెగ్నీషియం కార్బొనేటు తూచి, నిమ్మ ఉప్పు కరిగించిన నీళ్లలో పోసింది. బుసబుసా పొంగి, కాసేపటికి తేటపడి సిట్రేటు మందు తయారైంది. నిలవుంటే పాడవుతుందని రెండు రోజులకోసారి కొత్తగా కలిపేది. వెంకాయమ్మ రాలేని రోజున తనే సైకిలు తొక్కుకుంటూ వెళ్లి సీసా ఇచ్చి వచ్చేది.

ఆరు వారాలకు రక్తపరీక్ష మామూలుకొచ్చింది. వెంకాయమ్మ ఆఖరు కోతకు అందరితో పాటు చేలోకి దిగింది.

ఆ ఏడే ఒంగోలులో డాక్టర్లంతా కలిసినప్పుడు రాధాకృష్ణమూర్తి గారు ఈ సంగతి చెప్పి, “దీని వివరం నేను కాదు, మా బాలసరస్వతి గారు చెబుతారు” అని కూర్చున్నారు. ఆయన ఆవిడను ‘గారు’ అనడం అదే మొదలు. ఆవిడ లేచి నిలబడి, తడబడకుండా పావుగంట మాట్లాడింది.